ఎనిమిదో రీలు

ఫిబ్రవరి 16, ఆదివారం

ఆ ఉదయం గురించి రాయాలని నోటుపుస్తకం తీశాను. రెండేళ్ల కిందటి మాట. ఆ పూట ప్రత్యేకంగా ఏమీ జరగలేదు.

ఫజర్ నమాజు అయ్యాక పిల్లలు అరబ్బీ పాఠానికి వచ్చి వెళ్లారు. కల్లంలో మిరపకాయల మీద కప్పిన పట్ట తీశాను. మంచుకు పైకాయ మెత్తబడింది, ఎండ తగిలితే మళ్లీ గలగలమంటుంది. టీ తాగి, అరుగు మీద చాట ముందేసుకుని, ఇంటికి దాచుకునే కాయలకు తొడిమలు తీస్తున్నాను. అవతల పాలిషింగు యూనిట్లో రాయి కోసే చప్పుడు అప్పుడే మొదలైంది. తమ్ముడు షఫీక్ ముందురోజు గుంటూరు నుంచి వచ్చాడు. మొహం కడుక్కుని, బోర్లించిన గంప మీద ఫోను రికార్డింగుకు నిలబెట్టి, నా ఎదురుగా పీట వేసుకున్నాడు. కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే మనిషి, నా దగ్గరకొస్తే మాత్రం ఆరేళ్లవాడిలాగే కూచుంటాడు, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని.

"అక్కా, నాన్న టెంటులో వేసిన 'తొమ్మిదో రేవు' బొమ్మ, ఆఖరి సీను గుర్తుందిగా నీకు?"

"ఏమో."

"ఏమో ఏంది, నా పక్కనే కూచున్నావుగా. దీపం వెలిగించింది నేనేనని అక్క ముందుకొస్తది. తమ్ముడికి అడ్డంగా నిలబడతది. అంతేగా?"

"అవును."

"పుస్తకంలో నీ పేరు వేస్తా. సాక్షి అని."

"వెయ్యి."

కాకి ఒకటి చాట దగ్గరకొస్తే తోలాను. పాలు పోయించుకున్నాను. షఫీక్‌కు దోసెలు పోశాను, అల్లం పచ్చడితో ఐదు తిన్నాడు. తొమ్మిదిన్నర బస్సుకు వెళ్లిపోయాడు.

అంతే. నేను అబద్ధం చెప్పలేదు. అవునన్నాను.


ఫిబ్రవరి 18, మంగళవారం

షఫీక్ వచ్చి నాలుగు రోజులు. కాలేజీకి సెలవు పెట్టానన్నాడు. పెట్టలేదట, కొన్నాళ్లు రావద్దని వాళ్లే అన్నారట. మరదలు మెహర్ ఫోనులో చెప్పింది.

వరసగా రాసుకోకపోతే నాకు తల నిలవడం లేదు.

నాన్న ఇంకొల్లు టెంటు సినిమాలో ఆపరేటరు. ఆసామికి పర్చూరులో ఇంకో టెంటు ఉండేది. రీళ్ల పెట్టె ఒక్కటే, రెండు టెంట్లకూ అదే. ఇక్కడ ఒక రీలు అయ్యేసరికి అక్కడ అయిన రీలు వీరబాబు సైకిలు మీద తెచ్చేవాడు. కొత్త సినిమా పెట్టె రాని రోజున, మూలనపడి ఉన్న పాత ఇంగ్లీషు బొమ్మ వేసేవాళ్లు. యుద్ధం రోజుల్లో అమెరికావాళ్లు తీసింది. ఓడరేవు, కిటికీలకు నల్లగుడ్డలు, సముద్రం మీద శత్రువు జలాంతర్గామి. దానికి ఒడ్డు నుంచి ఎవరో దీపంతో సైగ చేస్తుంటారు. ఎవరన్నదే కథ. తంతి ఆఫీసులో పనిచేసే పిల్లకు తన తమ్ముడి మీదే అనుమానం వస్తుంది.

సౌండు పాడైంది. ఉన్నా ఎవరికర్థమవుతుంది. నాన్న మైకు పట్టుకుని కథంతా తెలుగులో చెప్పేవాడు. తాత దూదేకిన విల్లు మైకు దగ్గర పెట్టి నారి మీటితే అదే ఓడ కూత, అదే బాంబు. జనం బొమ్మ కోసం కాదు, మాబు సాహెబ్ గొంతు కోసం వచ్చేవాళ్లు.

షఫీక్ పుస్తకం నిండా అదే. ఆ బొమ్మ మీద పెద్ద వ్యాసం ఉంది. 1943లో అక్కడి పత్రికలవాళ్లు రాసినవన్నీ సంపాదించాడు. ఒకాయన, ఆఖరి తొమ్మిది నిమిషాల్లో ఒక్క మాట లేదు, అక్క చెయ్యెత్తి తమ్ముణ్ణి చూపిస్తుంది, ఆ ఏడాది ఇంత ధైర్యం ఏ బొమ్మా చేయలేదు అని మెచ్చుకున్నాడట. ఇంకొకాయన, తోడబుట్టినవాణ్ణి పట్టివ్వడం నేర్పే బొమ్మ, యుద్ధం గెలిచాక మనమే సిగ్గుపడతాం అని తిట్టాడట. మెచ్చినవాణ్ణీ తిట్టినవాణ్ణీ కలిపి షఫీక్ ఒక్క వాక్యంతో కొట్టేశాడు. "ఈ విమర్శకులు ఆఖరి రీలుకు ముందే లేచి వెళ్లి ఉంటారు. లేవకుండా కూచున్న ప్రేక్షకులు ఇంకొల్లు టెంటులో ఉన్నారు."

ఆ పుస్తకానికి ఒంగోలులో చేసిన సన్మాన సభలో ఆ వాక్యం చదివినప్పుడే చప్పట్లు. శాలువా కప్పారు. నేను రెండో వరసలో ఉన్నాను. నేనూ చప్పట్లు కొట్టాను.

జనవరిలో ఆ బొమ్మ దొరికింది. అమెరికాలో పాత సినిమాలు దాచే సంస్థ ఒకటి బాగుచేయించి నెట్లో పెట్టింది. ఎవరైనా చూడొచ్చు. హైదరాబాదులో సినిమాల మీద రాసే శరణ్య అనే అమ్మాయి చూసింది. ఆ అమ్మాయి రాసిన కాగితం మెహర్ పంపింది. "లేచి వెళ్లింది అమెరికా విమర్శకులు కాదు" అని మొదలవుతుంది.


ఫిబ్రవరి 19

షఫీక్ అన్నం ముట్టలేదు. నేనూ.


ఫిబ్రవరి 22, శనివారం

ఆ రికార్డింగు మళ్లీ పెట్టాడు. రోజుకు పదిసార్లు పెడుతున్నాడు.

"విను అక్కా. ఎంత నమ్మకంగా చెప్పావో విను."

విన్నాను. అతని ప్రశ్న. ఆ తర్వాత రాయి కోసే చప్పుడు. కాకి. చాటలో కాయలు కదిలిన చప్పుడు. మళ్లీ రాయి. అప్పుడు నా గొంతు, "అవును."

చేతిలో తస్బీ ఉంది. ఆ ఖాళీలో పదకొండు పూసలు కదిలాయి. ఆ ఉదయం అంత ఆలస్యంగా అవునన్నట్టు నాకు గుర్తులేదు. కంట్లో కారం పడి ఉంటుంది.

"వాళ్లు పెట్టింది కోత పెట్టిన ప్రింటక్కా. మూడుసార్లు చూశా. ఏడో రీలు దాకా అంతా మనదే. చేపలోళ్లు, తంతి ఆఫీసు, అక్కాతమ్ముడూ రేవు మీద నడవటం, అన్నీ మనయ్యే. ఆఖర్న మాత్రం ఆమె వేలు చూపిస్తది. నోరు విప్పదు. ఎవరో మార్చారు."

"ఎవరు మారుస్తారు?"

"గవర్నమెంటే మార్చుండొచ్చు, యుద్ధం టైము కదా. బయటి దేశాలకు పంపిన ప్రింట్లలో వేరే ముగింపులు ఉండేవి, నేను చదివా. మనకొచ్చిందే అసలుది. ఆ సంస్థకు రాస్తా. రెండో ముగింపు ఉండే ఉంటది."

గడ్డం పెరిగింది. మాట్లాడేటప్పుడు కుడిచేతి గుప్పిట మూస్తున్నాడు, మైకు పట్టుకున్నట్టు. నాన్నకు అదే అలవాటు.

"రాయి" అన్నాను.

ఎందుకన్నాను.


ఫిబ్రవరి 23

కాలేజీ పిల్లలెవరో అతని ఫొటో కింద 'ఆఖరి రీలు సార్' అని రాసి తిప్పుతున్నారట. ఒంగోలు సభవాళ్లు సంజాయిషీ అడిగారు. మర్యాదగానే అడిగారు. మెహర్ ఫోనులో ఏడ్చింది. "ఆయన్ని అక్కడే ఉంచండి వదినగారూ. ఇక్కడ పాల పాకెట్టుకు కూడా బయటికి పోవట్లేదు."

నేను ఒక్క మాట చెబితే

ఈ వాక్యం ఇంతటితో ఆపుతున్నాను.


ఫిబ్రవరి 26, బుధవారం

శివరాత్రి. పొద్దుటి నుంచీ కోటప్పకొండకు పోయే బండ్లు, మైకుల మోత. షఫీక్ అరుగు మీదకొచ్చి కూచున్నాడు. ఇన్నాళ్లకు కొంచెం నవ్వాడు.

"నాన్న మైకు ముందు ఇయ్యేం మైకులక్కా. ఆఖర్న చేపలోళ్ల పడవలు ఒడ్డుకొచ్చేప్పుడు విల్లు ఎట్టా మీటేవాడో గుర్తుందా?"

"గుర్తుంది."

"పర్చూరు టెంటులో అసలు ఆ సీనే వేసేవాళ్లు కాదంట. ఏడో రీలుకే శుభం కార్డు పెట్టి పొమ్మనేవాళ్లంట. వీరబాబు చెప్పేవాడు."

"ఊఁ."

"అమ్మ మొహం నాకు గుర్తులేదు. ఆ సీను గుర్తుంది. ఆ అక్క నువ్వేననుకునేవాణ్ణి చానా ఏళ్లు."

పచ్చడి నూరాలని లేచాను. ఇవాళ పచ్చడి అవసరం లేదు. అయినా నూరాను.

అమ్మ పోయేనాటికి వాడికి మూడేళ్లు. నా పక్కలోనే పెరిగాడు.


మార్చి 1

రంజాను నెలవంక కనిపించింది. షఫీక్‌ను పిలిచి చూపించాను. దువాకు చేతులెత్తాడు. పెదాలు కదల్లేదు.


మార్చి 2, ఆదివారం

మొదటి రోజా, ఉపవాసాలు మొదలు. పిల్లలకు ఏటా మొదటి రోజున చెప్పే పాఠం ఉంది, అబద్ధం మానని వాడి ఆకలితో అల్లాకు పనిలేదని. ఇవాళ అది దాటవేసి తర్వాతి పాఠం చెప్పాను. ఒక పిల్ల అడిగింది, "ఈ పేజీ వదిలేశావేంది అమ్మా?" రేపు చెబుతానన్నాను.


మార్చి 3

ఆ పేజీ ఇవాళా చెప్పలేదు.


మార్చి 4, మంగళవారం

అమెరికా నుంచి జవాబు వచ్చింది. షఫీక్ చదివి తెలుగులో చెప్పాడు, క్లాసులో చెబుతున్నట్టు. కంపెనీ కాగితాలన్నీ వెతికారట. ముగింపు ఒక్కటే రాశారు. ఒక్కటే తీశారు. ఏ దేశానికి పంపినా అదే పంపారు. మీ ఆసక్తికి కృతజ్ఞతలు.

"బాగా మర్యాదగా రాశారక్కా" అన్నాడు.

ఇఫ్తార్‌కు ఖర్జూరం నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయాడు. నేను గ్లాసు అందించేదాకా అట్లాగే ఉన్నాడు.


మార్చి 5, బుధవారం

రాయగలనో లేదో.

పొద్దున తొమ్మిది దాటింది. కల్లంలో కాయలు తిరగేస్తున్నాను. క్వారీ దగ్గర వాచ్‌మెన్ వెంకయ్య గట్టు మీద నుంచి కేకేశాడు.

"రహమత్తమ్మా, మీ తమ్ముడు పాత గుంట అంచున కూచోనున్నాడు. ఏంది సార్ అంటే పలకడు. చెప్పులు విడిచి పక్కన పెట్టాడమ్మా. నాకెందుకో బాగనిపించక మా వాణ్ణి అక్కడుంచి వచ్చా."

ఎట్లా వెళ్లానో తెలియదు. ఆ గుంటలో రాయి తీయడం మానేసి చాలా ఏళ్లయింది. నీళ్లు చేరాయి. షఫీక్ కాళ్లు కిందికి వేలాడేసి కూచున్నాడు. చెప్పులు రెండూ మసీదు గుమ్మం దగ్గర విడిచినట్టు, మడమలు కలిపి, తీరుగా పెట్టి ఉన్నాయి.

పక్కన కూచున్నాను. భుజం పట్టుకోలేదు. పట్టుకుంటే ఏమవుతుందోనని భయం.

"నీళ్లు పచ్చగా ఉన్నయ్యక్కా."

"ఊఁ."

"ఒక్కటే అడుగుతా, చెప్పు. మనం చూశామా, లేదా? లోకమంతా లేదంటంది. నువ్వు కూడా లేదంటే నాకు పిచ్చని ఖాయం. అదన్నా తేలితే బాగుండు. పిచ్చోణ్ణయితే పిచ్చోణ్ణే. తేలకుండా ఎట్టా బతికేది?"

నోరు తెరిచాను. అల్లా సాక్షి, తెరిచాను. వచ్చిన మాట ఇది.

"ఎండ ఎక్కుతుంది. ఇంటికి పోదాం రా."

చాలాసేపటికి లేచాడు. చెప్పులు నేనే చేత్తో ముందుకు జరిపాను. తొడుక్కున్నాడు. వెంకయ్య రోడ్డు దాకా వెనకే వచ్చాడు. "సార్‌ను ఒంటరిగా వదలొద్దమ్మా" అని నాకు మాత్రం వినపడేట్టు అన్నాడు.

మెహర్‌కు చెప్పాను. డాక్టరుకు చూపిద్దాం వదినగారూ, ఇక ఆగొద్దు అంది. నిజమే.

కానీ వాడు అడిగింది మందు కాదు.


మార్చి 6, గురువారం

గుర్తులేదని ఇంతకాలం రాసుకున్నాను. గుర్తుంది.

నాకు పన్నెండేళ్లు. షఫీక్‌కు ఆరు. ఆ ఇంగ్లీషు బొమ్మ మొదటిసారి వేసిన రోజు, ఎనిమిదో రీలు రాలేదు. వీరబాబు సైకిలుకు దారిలో గాలి పోయింది. ఏడో రీలు అయిపోయింది, జనం ఈలలు. నాన్న నాలుగో రీలు మళ్లీ ఎక్కించాడు. అక్కాతమ్ముడూ రేవు మీద నడిచే భాగం. దాని మీదే మైకు పట్టుకుని ఆఖరి కథ చెప్పాడు. తమ్ముడు దీపం పెట్టింది శత్రువు కోసం కాదు, చీకట్లో దారి తప్పిన చేపలోళ్ల కోసం. ఆఫీసరు తుపాకీ ఎత్తాడు. అక్క అడ్డం నిలబడి దీపం వెలిగించింది నేనే, నన్ను తీసుకుపో అంది. నారి మీటాడు. పడవలు ఒడ్డుకొచ్చాయి. ఆడవాళ్ల వైపు ముక్కులు చీదిన చప్పుడు నాకింకా వినపడుతుంది.

మర్నాడు మధ్యాహ్నం వీరబాబు ఆ రీలు తెచ్చాడు. టెంటులో ఎవరూ లేరు. చూద్దామని నాన్న వేశాడు. ఎండకు తెర మీద బొమ్మ పలచగా పడుతుంది. నేను నేల మీద. షఫీక్ తెర కింద గోనెసంచి మీద నిద్రపోతున్నాడు.

తమ్ముడు నిజంగానే దోషి. అక్క వచ్చి నిలబడింది. ఆఫీసరు ఆమె వైపు చూశాడు. ఆమె చెయ్యెత్తింది. వేలు నేరుగా తెర బయటికి చూపించినట్టుంది. దాని కిందే షఫీక్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

నేను ఏడ్చాను. నాన్న మిషను ఆపాడు.

"ఈ రీలు మన ఊరికి వద్దు తల్లీ" అన్నాడు. "కింద కూచునేది అక్కాతమ్ముళ్లే. ఇది చూపిచ్చి వాళ్లనింటికి ఎట్టా పంపను?"

ఆసామికి రీలు చెడిపోయిందని చెప్పి, ఇక ఎప్పుడు వేసినా నిన్నటి కథే చెబుతానన్నాడు. నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, నిద్రపోతున్నవాడి నెత్తిన పెట్టించాడు. "వీడికి మాత్రం ఎన్నటికీ చెప్పనని ఒట్టెయ్యి."

వేశాను.

అల్లా పేరున తప్ప ఇంకో ఒట్టు చెల్లదని నాకు తెలుసు. పిల్లలకు నేనే చెబుతాను. అయినా ఆ నెత్తి వెచ్చదనం ఈ అరచేతిలో నలభై ఏడేళ్లుగా ఉంది. చెబితే వాడికేమవుతుందో అన్నది ఒక భయం. చెప్పకపోతే ఏమవుతుందో నిన్న గుంట దగ్గర చూశాను.

ముందు రాసిన ఒక మాట కొట్టేయాలి. కంట్లో కారం పడలేదు ఆ ఉదయం.


మార్చి 7, శుక్రవారం

జుమా నమాజు నుంచి షఫీక్ వచ్చేలోగా మాటలు పేర్చుకున్నాను. వచ్చాడు.

"కాళ్లు కడుక్కో" అన్నాను.


మార్చి 8, శనివారం

ఒట్టు తప్పితే పదిమందికి అన్నం పెట్టాలి. చెల్లని ఒట్టుకు అక్కర్లేదేమో. అడగడానికి ఎవరి దగ్గరకూ పోలేదు. పాలిషింగు యూనిట్లో ఒడిశా కూలీలు పదిమందిని పిలిచి మధ్యాహ్నం వండి పెట్టాను. వాళ్లలో పెద్దాయన, "ఏం పండగమ్మా?" అని అడిగాడు. తినండి అన్నాను. షఫీక్ వడ్డించాడు. నీళ్ల చెంబు పట్టుకుని వరస చివరిదాకా వెళ్లాడు. ఎందుకని అడగలేదు.

చెల్లెలు నస్రత్‌కు ఫోను చేసి, రేపు ఇఫ్తార్‌కు మీ ఆయన్నీ మెహర్‌నూ తీసుకుని రమ్మన్నాను.

"ఏంది విశేషం?"

"వచ్చాక చెబుతా."

ఇక వెనక్కు తిరగడానికి లేదు.


మార్చి 9, ఆదివారం

అందరూ వచ్చారు. మగ్రిబ్ నమాజు అయ్యాక చాప మీద కూచున్నాం. నస్రత్ భర్త వాసిం గుంటూరు మిర్చి యార్డులో పనిచేస్తాడు, నెమ్మదిగా మాట్లాడటం రాదు.

"ఏంది బామ్మర్దీ, బక్కచిక్కావు? మా నస్రత్ వంట తిని నేనే బతుకుతున్నా, నీకేమైంది?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. షఫీక్ గోడకు ఆనుకుని ఉన్నాడు. బుధవారం నుంచి నాతో పది మాటలు మాట్లాడాడేమో.

బీరువా మీద నుంచి నాన్న దాచిన డబ్బా దించి చాప మధ్యలో పెట్టాను. పళ్లెమంత రేకు డబ్బా. నాన్న పోయి పదకొండేళ్లు, అప్పటినుంచి నా దగ్గరే ఉంది. నేను తెరవలేదు. ఎవరూ అడగలేదు.

చెప్పాను. మొన్న గురువారం రాసుకున్నదంతా. గాలి పోయిన సైకిలు, నాలుగో రీలు, మధ్యాహ్నం ఎండ, ఒట్టు. రెండేళ్ల కిందటి అవును గురించి కూడా. బతుకులో ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడలేదు. గొంతు ఎండితే మెహర్ నీళ్లిచ్చింది.

వాసిం మూత తీశాడు. పాడైన పచ్చడి వాసన. రీలంతా కరిగి ఒకటే ముద్ద, పాకం గడ్డ కట్టినట్టు. మూత లోపల నాన్న చేతిరాత, నీలం పెన్సిలు. 'ఎనిమిది. ఊరికి వద్దు.'

నస్రత్ ముందుగా తేరుకుంది. "నలభై ఏడేళ్లు కడుపులో పెట్టుకున్నావా అక్కా? చిన్నప్పుడు నేను బెల్లం తిన్న సంగతి నాన్న దగ్గర సాయంత్రం దాకా దాచలేకపోయేదానివి."

షఫీక్ మూత చేతిలోకి తీసుకున్నాడు. అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు.

"ఆ మధ్యాహ్నం నేనెక్కడున్నా?"

"తెర కింద. గోనెసంచి మీద నిద్రపోతున్నావు."

"లేపాల్సింది."

షఫీక్ మూత చాప మీద పెట్టాడు.

"పాఠం చెప్పే ప్రతి పిల్లాడికీ చెప్పా, చూడనిది రాయొద్దని. నేను చూడనిదే రాశా. నాన్న తెలిసి చూపిచ్చలేదు. నువ్వు తెలిసి అవునన్నావు. గుంట దగ్గర కూడా చెప్పలా నువ్వు."

"చెప్పలేదు."

"అక్కడన్నా చెప్పుండాల్సింది అక్కా."

మెహర్ అతని చెయ్యి పట్టుకోబోతే తీసుకోనివ్వలేదు. కాసేపటికి తనే ఇచ్చాడు.

ఆ తర్వాత తీర్మానాలు. రేపు సోమవారం మెహర్, నేను షఫీక్‌ను గుంటూరు డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. "పిచ్చి లేదని తేలిందిగా, ఇంకా డాక్టరెందుకు?" అన్నాడు వాసిం. "చెప్పులు విడిచి కూచున్నాడు, అందుకు" అంది మెహర్. షఫీక్ వస్తానన్నాడు. శాలువా, జ్ఞాపిక ఒంగోలుకు తిరిగి పంపాలి. అది వాసిం చూస్తాడు.

మిగిలింది సంజాయిషీ. సభకు ఒకటి, ఆ శరణ్యకు ఒకటి పంపాలి. ఏమని రాయాలన్నది తెగలేదు.

"నాన్న పేరు బజారున వేయొద్దు" అంది నస్రత్. "ఆయన పోయి పదకొండేళ్లు. ఇప్పుడు దొంగ అనిపిస్తారా?"

"ఒక పని చేద్దాం" అన్నాడు వాసిం. "వదినగారే తప్పు చెప్పిందని రాద్దాం. అప్పటికి చిన్నపిల్ల, గుర్తు తప్పింది, తమ్ముడు నమ్మాడు. నాలుగు రోజులు నవ్వి ఊరుకుంటారు. వదినగారికి పోయేదేముంది, ఆమెకు సినిమా పత్రికలా, కాలేజీలా?"

నాకు అది బాగుందనిపించింది. సరేనన్నాను కూడా. నా పేరే వేయండి, నేనే చెప్పానని రాయండి అన్నాను. అంటుండగా ఒంట్లో భారం దిగినట్టయింది. ఇన్ని రోజుల్లో అంత తేలిక ఎప్పుడూ లేదు.

షఫీక్ తలెత్తి నన్ను చూశాడు.

"అట్టా అయితే మళ్లీ నాన్న కథే అవుద్ది అక్కా. అక్క అడ్డమొస్తది, తమ్ముడు వెనక నిలబడతాడు." మూత నా వైపు జరిపాడు. "ఈసారి ఎనిమిదో రీలు వెయ్యండి."

నస్రత్ ఒప్పుకోలేదు. వాసిం అటూ ఇటూ చూసి, రాసేది వాడు, వాడి ఇష్టం అన్నాడు. మెహర్ తలూపింది. ఉన్నది ఉన్నట్టు రాయాలని, షఫీక్ పేరు మీదే పోవాలని, అతను చెబుతుంటే నేను రాయాలని తీర్మానమైంది.

ఈ పుస్తకంలోంచే ఒక కాగితం చించాను. షఫీక్ మోకాళ్లు ముడుచుకుని గడ్డం వాటి మీద పెట్టుకున్నాడు. కుడిచెయ్యి చాప మీద తెరిచే ఉంది. మొదటి మాటలు మెల్లగా చెప్పాడు.

"మా నాన్న మాబు సాహెబ్ ఆ సినిమా ఆఖరి రీలు మా ఊరికి చూపించలేదు. ఆ సంగతి మా అక్క రహమతున్నీసాకు తెలుసు."

ఒక్క అక్షరం మార్చకుండా రాశాను.